పాచి అన్న మాటకు అర్థం

హిందీ మాట్లాడే ఈ కోహ్కా ఊళ్లో, నేను తమ్ముడిలా చూసుకున్న మా పక్కింటతను గత సోమవారం పోయాడు. జలాశయం మీద తేలే సౌరఫలకాలను కడుగుతూ, వాటి నడుమనున్న ప్లాస్టిక్ నడకదారిపై జారి, తలకు దెబ్బ తగిలి నీళ్లలో పడ్డాడు. ‘సొంత అజాగ్రత్త వల్ల’ అని గుత్తేదారు కాగితం రాయించాడు. ‘సొంత’, ‘అజాగ్రత్త’ రెండు మాటలూ అసత్యమే.

బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. అజాగ్రత్తను చేతిరాతలోనే పట్టేవాణ్ని. అతనిలో అది లేదు. వేడెక్కిన గాజుపై చన్నీళ్లు పడితే పగులుతుందని పొద్దు పొడవకముందే పనికి వెళ్లేవాడు. కొంగల రెట్టను నానబెట్టి తుడిచేవాడే తప్ప గీకేవాడు కాడు. సబ్బు ముట్టనిచ్చేవాడు కాడు. “సేపలేటి సేసినాయి మాస్టారూ, ఆటికి సబ్బునీళ్లు తాగించడానికి?” అనేవాడు. మా ఇంటికొస్తే అడగకుండానే నా కళ్లజోడు తీసుకొని తుడిచి ఇచ్చేవాడు.

నడకదారికి పాచి పట్టిందని మొన్న వానాకాలంలో తానే హిందీలో అర్జీ రాశాడు. పాచి అన్నాన్ని హిందీలో బాసీ అంటారు కదా. నడకదారి పాచికీ అదే మాట వేసి, ‘రాస్తా బాసీ హై’ అన్నాడు. గుత్తేదారు గుమాస్తా పడీపడీ నవ్వాడట. “క్యా భయ్యా, రాస్తా హై యా కల్ కా చావల్?” అని, దారా నిన్నటి అన్నమా అని ఎగతాళి చేస్తూ అర్జీని సొరుగులో పడేశాడట.

ఈ సంగతి చెబితే నేనూ నవ్వాను. “ఆ పాచిని కాయీ అనాలోయ్” అని దిద్దాను.

“మీరూ నవ్వండి మాస్టారూ. కాలెట్టి సూస్తే తెలస్తాది ఆడికి, బాసీయో కాయీయో” అన్నాడు.

మాట దిద్దాను గాని, అర్జీ తిరగరాసి ఇవ్వలేదు. ఆ దోషం నాది.

నిన్న ఆ గుమాస్తాయే ఆ అజాగ్రత్త కాగితం పట్టుకొని అతని భార్య సంతకం కోసం వచ్చాడు. పాచి గురించి ఫిర్యాదేదీ అందలేదన్నాడు. మరి ఆ అర్జీ ఏమైందని హిందీలోనే నిలదీశాను.

“మాస్టర్‌జీ, ఉస్‌మే తో బాసీ లిఖా థా.” అందులో ఉన్నది బాసీ అన్న మాటేనట.

“అర్థం కాకపోతే మీకు నవ్వెలా వచ్చింది?” అన్నాను. తప్పు మాటకు నేను మార్కులు తగ్గించేవాణ్ని; ఆ మాట చెప్పిన సంగతిని చెల్లదని ఏనాడూ కొట్టివేయలేదు.

ఆమె కాగితాన్ని వెనక్కు జరిపింది. “మా ఆయనది అజాగ్రత్తంటే నాను సంతకమెట్టను బాబూ” అన్నది.

ఈ ఉదయం జలాశయానికి వెళ్లాను. గుత్తేదారు మనుషులిద్దరు మోకాళ్ల మీద కూర్చొని, గట్టి బ్రష్షులతో ఆ నడకదారిని రుద్దుతున్నారు. దాని అంచుల నుంచి ఆకుపచ్చని నీళ్లు చారలు చారలుగా దిగుతున్నాయి.