ఫాయిల్ అంటే చుట్టి పెట్టడం

ఉదయం ఆరూ పదికి ఇంగ్లీషు పేపరు మెట్ల మీద పడేది. ఆ రోజుల్లో మా నాన్న చిక్కపేటలోని తన పొళ్ళ అంగడికి బయలుదేరే ముందు దాన్ని పైకి చదివేవాడు. తెలియని మాట వస్తే ఆగి, చుట్టుపక్కల మాటలు చూసి అర్థం ఊహించేవాడు. ఏడో తరగతితో చదువు ఆపినా, ఆయన ఊహ పదిలో ఎనిమిదిసార్లు సరిపోయేది. (ఇది మిగతా రెండింటిలో ఒకదాని సంగతి.) అప్పటికి నేను బెళ్ళందూరులో ఒక ఆఫీసులో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఉద్యోగం ఖాయం కావాలంటే మన పనిని మనమే మెచ్చుకుంటూ ఒక ఫారం నింపాలి. సరిగ్గా అప్పుడే, పోలీసులు ఒక దోపిడీ ప్రయత్నాన్ని 'ఫాయిల్' చేశారని పేపర్లో వచ్చింది.

"ఫాయిలంటే ఏంది నాయనా?"

"మనంగట్లో ఫాయిల్ కాయితంలో చట్నీపొడి చుట్టేది చూళ్ళేదా, గాలి పోకుండా? అట్లనే వాళ్ళు కేసును చుట్టి పెట్టేసినారు. పని పూర్తయిపోయె."

"పోలీసోళ్ళు పొట్లాలు కడతారా?"

"వాళ్ళకి ఇంకేం పని ఉండాది అమ్మణ్ణీ?"

నాకు నచ్చింది. పని ముగించడాన్ని మనమూ చుట్టేయడమనే అంటాం కదా. ఈ మాట ఆఫీసులో రాస్తానని ఆయనకు చెప్పి, గడువుకు ముందే టీము ప్రయత్నాలన్నింటినీ ఫాయిల్ చేశానని ఫారంలో ఇంగ్లీషులో రాసి పంపాను.

మర్నాడు గుంటూరువాడైన మా మేనేజరు పిలిచాడు. "టీమ్ ఎఫర్ట్స్ అన్నీ నువ్వే చెడగొట్టానని రాశావమ్మా. అదీ డెడ్‌లైన్‌కి ముందే. నీ ఆనెస్టీ బాగుంది గానీ, ఇది పైకి వెళ్తే నిన్ను కన్ఫర్మ్ చేయడం నా వల్ల కాదు. ఎవరు చెప్పారీ అర్థం?"

నాన్న అని చెప్పబుద్ధి కాలేదు. "నేనే అనుకున్నాను సార్" అన్నాను. ఆయన కాసేపు నవ్వి, సాయంత్రంలోగా మార్చమన్నాడు. మార్చాను. ఉద్యోగం నిలిచింది.

తర్వాత నిఘంటువు తీశాను. పొట్లం కట్టే ఫాయిల్ 'ఆకు' అనే మాట నుంచి వచ్చిందట. అడ్డుకునే ఫాయిల్‌కు మూలం 'తొక్కడం' అట. కుక్కలు పసిగట్టకుండా వేట జంతువు తన జాడను తానే తొక్కి చెరపడాన్నీ అలాగే అనేవారట. ఎక్కడెక్కడో పుట్టిన రెండు మాటలు ఒకే అక్షరాల్లో ఇమిడిపోయాయి.

ఇంటికి రాగానే నాన్న అడిగాడు. "రాసినావా? ఏమన్నారు?"

"మేనేజరు పిలిచి మరీ మాట్లాడినాడు నాయనా." (అబద్ధం కాదు.)

"చూస్తివా" అన్నాడాయన, అమ్మ వైపు తిరిగి.

ఒక్కసారి తప్పని చెబితే ఆయన ఇక ఊహించడమే మానేస్తాడని భయపడ్డాను. అప్పటి నా తెలివికి ఇప్పుడు నవ్వొస్తుంది. చెప్పి ఉంటే, ఆకూ తొక్కడమూ ఒకే మాటగా ఎలా మారాయో ఇంకో వారం ఊహించేవాడు. ఆయన పోయి ఏడాది అయింది. మా ఇంట్లో ఇప్పుడు తెలియని మాటకు ఎవరూ అర్థం ఊహించరు.