కార్డుల పండగ

మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ లోపలికి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. కానీ అక్కడి రెండో రియాక్టరు మీదున్న సేఫ్టీ వాల్వు నంబరు మాత్రం నాకు నోటికి వచ్చు. పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పారు.

అప్పుడు మేము కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఆయన జీడిమెట్లలో, మందులకు ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఎక్కడో ఒక ఊళ్లో ఇలాంటి ఫ్యాక్టరీలోనే, రసాయనాలు ఉడికించే రియాక్టరు పేలి మనుషులు పోయారని పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి కుక్కరు మూత చూపించారు. విజిల్ మూసుకుపోతే ఈ చిన్న బిళ్ల కరిగి ఆవిరి బయటికి పోతుంది కదా, రియాక్టరుకీ అలాంటిదే ఒకటి ఉంటుంది, లోపల ఒత్తిడి హద్దు దాటితే దానంతటదే తెరుచుకుంటుంది అని చెప్పారు. అది తెరుచుకోకపోతే ఏం చేస్తారని అడిగాను.

"ఆరు నెలలకోసారి నా చేత్తో విప్పి, బెంచి మీద గాలి కొట్టి చూసి, మళ్లీ నా చేత్తోనే బిగిస్తాను. ఇంకా నీకెందుకు బెంగ?" అన్నారు.

ఆ ఒక్క మాట మీద నేను మూడేళ్లు నిద్రపోయాను. ఆయన రావడం ఆలస్యమైన రోజుల్లో దేవుణ్ణి కాదు, ఆ వాల్వు నంబరు తలుచుకునేదాన్ని.

పాపకి ఏడాది నిండాక మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. నాది బీఎస్సీ కెమిస్ట్రీ. దాని మీద ఆరు నెలల కంప్యూటర్ కోర్సు. పాపని కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మకి అప్పగించి, సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని, కొండరాళ్ల మధ్య కొత్తగా లేస్తున్న అద్దాల భవనాల దగ్గర దిగేదాన్ని. ఎక్కేముందు రెండుసార్లు వెనక్కి వచ్చి పాప నుదురు ముట్టుకుని చూసేదాన్ని. "ఏంది బిడ్డా, గిట్లయితే నువ్వు నౌకరి చేసినట్టే. జర ఫికర్ తగ్గించుకో," అనేది ఓనరమ్మ.

మా కంపెనీ ఫ్యాక్టరీల కోసం ఒక ప్రోగ్రాము తయారుచేస్తోంది. ఏ పంపుకి ఎప్పుడు గ్రీజు పెట్టాలి, ఏ మోటారు ఎప్పుడు విప్పాలి, ఏ వాల్వు ఎప్పుడు పరీక్షించాలి అన్నీ అందులో ఉంటాయి. పాడయ్యాక బాగుచేసుకోవడం కాదు, పాడవకముందే చూసుకోవడం దాని ఉద్దేశం. గడువు దాటిన పని తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. సరుకు కొనే విదేశీ కంపెనీలవాళ్లు రికార్డులన్నీ కంప్యూటర్లో చూపించమంటున్నారని, మా ఆయన వాళ్ల ఫ్యాక్టరీ కూడా దాన్ని తీసుకుంది. మా కంపెనీ పేరు వాళ్ల యజమానికి చెప్పింది ఆయనే. ఆ సాయంత్రం స్వీట్లు కూడా తెచ్చారు.

ఒక్కో యంత్రానికి ఒక్కో అట్టకార్డు. దానికి ఎప్పుడేం చేశారో అంతా అందులో చేత్తో రాసి ఉంటుంది. అలాంటి కార్డులు రెండు అట్టపెట్టెల నిండా వచ్చాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మొదటి రోజే నేను ఆ వాల్వు కార్డు కోసం వెతికాను. పరీక్షించాలని కాదు. ఎన్నాళ్లుగానో వింటున్న చుట్టాన్ని చూద్దామన్నట్టు, ముచ్చటగా.

కార్డు మీద అయిదు నమోదులున్నాయి. వాల్వు విప్పాము, బెంచి మీద పరీక్షించాము, సరిగ్గా తెరుచుకుంది, తిరిగి బిగించాము. కింద మా ఆయన సంతకం. అయిదూ ఒకే సిరాతో ఉన్నాయి. వాల్వు తెరుచుకున్న ఒత్తిడి అయిదుసార్లూ ఒక్కటే, చుక్క తర్వాత అంకెతో సహా. కాలేజీ ల్యాబులో దొంగ రీడింగులు వేసే పిల్లలు కూడా చివరి అంకె మార్చి వేసేవారు. ఆయన ఆ శ్రమ కూడా పడలేదు.

అప్పుడు మూడో నమోదు తేదీ చూశాను. అది మా పాప పుట్టిన తేదీ.

ఆ రోజు తెల్లవారుజామున నాకు నొప్పులు మొదలైనప్పటి నుంచి మర్నాడు పొద్దున దాకా ఆయన ఆసుపత్రి దాటి వెళ్లలేదు. మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగడం, మళ్లీ ఎక్కడం, ఇంతే. నా చెప్పులు పోతాయని వాటిని కూడా చేతిలోనే పట్టుకుని తిరిగారు. నా జీవితంలో ఆయన ఎక్కడున్నారో గంట గంటకీ చెప్పగలిగిన రోజు అదొక్కటే.

ఆదివారం పొద్దున ఆయన స్కూటరు తుడుచుకుంటుంటే, పాపకి ఇడ్లీ పెడుతూ అడిగాను, పాప పుట్టిన రోజు వాల్వు ఎవరు విప్పారండీ అని.

ఆయన కాసేపు అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వేశారు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ముందురోజు డిపార్ట్‌మెంటు అంతా కూర్చుని ఖాళీగా ఉన్న కార్డులు నింపేస్తారట. క్యాంటీను నుంచి మిరపకాయ బజ్జీలు, టీ వస్తాయట. ఫిట్టర్లు దానికి కార్డుల పండగ అని పేరు కూడా పెట్టుకున్నారట. ఇదంతా ఆయన దాచలేదు. ఎవరింట్లోనో పెళ్లి ముచ్చట్లు చెప్పినట్టు చెప్పారు.

"మరి ఆ తేదీ ఎందుకు వేశారు?"

"ఏదో ఒక తేదీ వెయ్యాలి కదా. నాకు బాగా గుర్తున్న తేదీ అదే," అన్నారు.

ప్రేమగానే అన్నారు. పాప మూతి తుడిచి, అసలు ఎన్నిసార్లు విప్పారని అడిగాను. ఆయన తుడవడం ఆపలేదు. వాల్వు విప్పాలంటే రియాక్టరు ఒక షిఫ్టంతా ఆపాలని, ప్రొడక్షన్ వాళ్లు ఆపనివ్వరని, అడిగి అడిగి మానేశానని అన్నారు.

"అంటే ఒక్కసారి కూడా లేదు."

"బాగానే ఉంటుందిలే. నువ్వు కార్డులో ఉన్నది ఉన్నట్టు కొట్టెయ్."

సరే అన్నాను. ఆ మాట నేను అన్నాను, కాదనను. కానీ ఆ వారంలోనే వాల్వు తీయించమని కూడా అడిగాను. ఫ్యాక్టరీ మొత్తం ఆపే షట్‌డౌన్ వచ్చినప్పుడు తీయిస్తానన్నారు. తర్వాతి ఆదివారం కూడా అదే జవాబు, ఆ పై ఆదివారమూ అదే. రోజూ ఆయన దాని పక్కనే నిలబడుతున్నారు. ఆయనతోపాటు షిఫ్టుకి పాతికమంది, వాళ్ల ఇళ్లల్లో నాలాంటి వాళ్లు.

ఆఫీసులో మా టీమ్ లీడరుని అడిగి చూశాను, కార్డులో ఉన్నది తప్పని మనకి తెలిస్తే ఏం చేయాలని. ప్రోగ్రాముకే మనం బాధ్యులం, డేటాకి కాదు మేడమ్ అన్నాడు. తిరిగి నా సీట్లో కూర్చుని, మిగతా కార్డులన్నీ ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, ఆ ఒక్క వాల్వుకి చివరి పరీక్ష తేదీ గడి ఖాళీగా వదిలేశాను.

ప్రోగ్రాము చూడ్డానికి ఫ్యాక్టరీ యజమాని మా ఆఫీసుకి వచ్చారు. పక్కన మా ఆయన, ఇస్త్రీ చొక్కాలో. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. గడువు దాటిన పనుల జాబితా తెర మీద తెరిచారు. మొదటి వరుసలో ఎర్రగా ఆ వాల్వు నంబరు. దీనికి పరీక్షే జరగలేదా అని యజమాని మా ఆయన్ని అడిగారు.

మా ఆయన నా వైపు చూడలేదు. "జరిగింది సార్. కార్డులో ఉంది. ఎక్కించడంలో పొరపాటు చేసి ఉంటారు," అన్నారు.

చేసి ఉంటారు. ఆ గదిలో ఆ కార్డులు ఎక్కించింది ఎవరో అందరికీ తెలుసు. టీమ్ లీడరు సారీ చెప్పి, వెంటనే సరిచేయమని నాకు సైగ చేశాడు. నేను కీబోర్డు దగ్గరికి వెళ్లాను. ఆ తేదీ కొట్టడానికి ఎనిమిది అంకెలు చాలు. వేళ్లు పెట్టి తీసేశాను.

"పొరపాటు కాదండీ. ఒకసారి ఆ వాల్వు విప్పించి చూడండి," అన్నాను.

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు యజమాని.

"కార్డులో ఉన్న ఒక తేదీన మా పాప పుట్టింది. సంతకం చేసినాయన ఆ రోజంతా నా దగ్గరే ఉన్నారు."

మా ఆయన చేతిలోని ఫైలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

నాలుగో రోజు వాల్వు విప్పారు. దాని మూతిలో సరుకు పేరుకుని రాయిలా బిగుసుకుపోయి ఉందట. బెంచి మీద పెట్టి, తెరుచుకోవలసిన ఒత్తిడికి రెట్టింపు ఇచ్చినా కదల్లేదట. సాయంత్రం ఇంటికొచ్చి ఆయన ఈ సంగతి చొక్కా విప్పుకుంటూ, పొడిపొడిగా చెప్పారు. ఆయన ఉద్యోగం పోలేదు. పోతే ప్రొడక్షన్ మేనేజరుదీ పోవాలి, అందరిదీ పోవాలి. ఫిట్టర్లు మాత్రం నవ్వుతున్నారట. "సార్, ఇగ ఈసారి ఎవరి బర్త్‌డే ఎయ్యమంటరు?" అని అడిగాడట ఒకడు.

మంచి పని చేశావు అంటారేమోనని ఎదురు చూశాను.

"సరే అన్నావు కదా," అన్నారు. "ఇంట్లో సరే అని, పదిమందిలో పరువు తీశావు."

మూడేళ్లు నన్ను ఆ వాల్వు కింద నిద్రపుచ్చిన మనిషి నేను తనని మోసం చేశానంటున్నారు. అందులో కొంచెం నిజం కూడా ఉంది. అదే నాకు మింగుడు పడలేదు.

తర్వాతి నెల నాకు ఆఫీసులో పని ఎక్కువై, పాపకి టీకా వేయించడానికి ఆయన వెళ్లారు. సాయంత్రం రాగానే, వేయించాను, ఏడవలేదు అన్నారు. కార్డు బల్ల మీద పెట్టారు. గడిలో తేదీ ఉంది. కింద గిలికిన సంతకం ఎవరిదో తెలియలేదు.

మర్నాడు ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్లాను. ముందు ఆ క్లినిక్‌కి వెళ్లి నర్సమ్మని రిజిస్టరు చూడమన్నాను. ఆమె వేలు పెట్టి చూపించింది. వేశాం కదమ్మా, వాళ్ల నాన్నే ఎత్తుకొచ్చాడు, సూది చూడలేక ఆయన మొహం అటు తిప్పుకున్నాడు అంది.

ఆమె మాట నమ్మాను. అయినా ఆ సాయంత్రం ఓనరమ్మ దగ్గర నుంచి పాపని తెచ్చుకుని, కిటికీ వెలుగులో మంచం మీద పడుకోబెట్టి, ఒక తొడా, తర్వాత రెండో తొడా, సూది గుచ్చిన చోటు కోసం వెతికాను.