చప్పటి నీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున్నే మా అబ్బాయి ఫోన్ చేసి, "తాత పోయాడమ్మా" అన్నాడు. తాతంటే ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న మావయ్య. రక్తసంబంధమేమీ లేదు. అయినా కట్టుకున్న చీరతోనే బయల్దేరాను.

బర్మాలో, బోటాటౌంగ్ రేవులో స్టీమర్ల బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. మాట తక్కువ, చుట్ట ఎక్కువ. బర్మావాళ్ళలాగే ఇంటి ముందు ట్వంటే మట్టికుండలో మంచినీళ్ళు ఉంచేవాడు. ఎండలో ఎవరు పోతున్నా "దా, నీల్లు తాగి ఎల్లు" అనేవాడు.

ఎనభై ఎనిమిదిలో సైనిక ప్రభుత్వం మీద జనం తిరగబడ్డారు. వీధులకి అడ్డంగా చెట్లు, బల్లలు. మంచినీళ్ళ బండి రావడం మానేసింది. మా బోరింగులో నీళ్ళకేం కరువు లేదు గానీ, నది పక్క నేల కదా, నోట్లో పెడితే ఒకటే ఉప్పు. పెద్దవాళ్ళం ఎలాగో గొంతులోకి దించుకున్నాం. నా కొడుకు నెలల పిల్లాడు. నాకు పాలు పడలేదు. ఆ నీళ్ళతో డబ్బాపాలు కలిపితే కక్కేవాడు. వాడు కళ్ళు తేలేస్తుంటే దేవుణ్ణీ ఏలే దొరల్నీ కలిపి తిట్టిపోశాను.

మావయ్య వచ్చి చూశాడు. "ఏడవకమ్మా. నీల్లు ఆవిరౌతాయి గానీ ఉప్పు ఆవిరవుద్దా ఏటి?" అన్నాడు. పెద్ద డేగిసాలో బోరింగు నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక మీద గిన్నె పెట్టి, మూత తిరగేసి, పైన తడిగుడ్డ కప్పాడు. ఆవిరి మూతకి తగిలి, చల్లబడి, గిన్నెలో బొట్టుబొట్టుగా రాలింది. పొద్దంతా మంటపెడితే చెంబుడు నీళ్ళొచ్చాయి.

ఆయన భార్య, మా అత్త, కాస్త రుచి చూసింది. "ఏటిలగ సప్పగున్నాయి? పిల్లడెలా తాగుతాడు?" అంటూ చిటికెడు ఉప్పు వేసేసింది! గంజిలో ఉప్పు వేసీ వేసీ అలవాటైన చెయ్యి మరి.

"ఓసినీ! పొద్దున్నుంచి నాను తీత్తన్నాది అదేనే!" అన్నాడు మావయ్య. అత్త నోరు నొక్కుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మళ్ళీ మొదలెట్టేసరికి పుల్లలు అయిపోయాయి. కర్ఫ్యూ, గడప దాటితే తుపాకులు. మావయ్య లోపలికెళ్ళి తన మంచం విరుచుకొచ్చాడు. మంచంకోళ్ళు, పట్టెలు, అన్నీ పొయ్యిలోకే. నా కొడుకు ఆ నీళ్ళతోనే బతికాడు. ఆ రుణం నేనేం తీర్చగలను?

తర్వాత దేశం తలుపులు మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. కొత్త మంచం కొనిపెడతామని ఎంత బతిమాలినా "నేల సల్లగుంటాదిలే" అనేవాడు. చివరిదాకా చాపే.

మా వాడిప్పుడు సంచౌంగ్ పేటలో బోరు నీళ్ళలో ఉప్పు తీసే మిషను నడుపుతున్నాడు. ఆ ఆదివారం పొద్దున అక్కడి నీళ్ళే పట్టుకెళ్ళి, చాప పక్కన కూర్చుని, చెంచాతో నోట్లో పోశాడట. మావయ్య కళ్ళు తెరవకుండానే "సప్పగున్నాయిరా" అన్నాడట. గుటకేసి, "మంచియ్యే" అన్నాడట.

రెండో చెంచా మింగలేదు. పెదవి చివర నుంచి జారిపోయింది. నేను వెళ్ళేసరికి చాప మీద ఆ తడి ఇంకా ఆరలేదు.