ఎక్కడికని అడిగిన తలుపు

మొన్న శుక్రవారం మా నాయన ఒకే ఊరికి ఐదు సార్లు బయలుదేరినాడు. అదేమన్నా కాశీనా అంటే కాదు, కినత్తుకడవు. మా ఊరి ఉక్కడం బస్టాండులో బస్సెక్కితే గంటలో దిగిపోవచ్చు. ఆ ఐదు సార్లకీ కారణం నేనే. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేను కూడా సగం దాకా నవ్వుతానే చెప్తాను. ఆ తర్వాత మాత్రం నాకు నవ్వు రాదు.

నా సంగతి మీకు తెలిసిందే కదా. పగలంతా కంపెనీలో పంపుల డ్రాయింగులు గీస్తాను, ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకోదు. రేపటి ఇళ్ళల్లో ఇట్లాంటివే ఉంటాయి అని ఫోన్లో ఎవరో ఒక వింత గ్యాడ్జెట్ చూపిస్తారు, వెంటనే అది నేనూ చెయ్యాల. వాన వస్తుందని ముందే చెప్పే గొడుగు చేసినాను. అది నేను నిలువునా తడిసినాక "వర్షం రావచ్చు" అనింది. పాలు పొంగకముందే కూత పెట్టే గరిటె చేసినాను. కూత పెట్టింది, కాదనను, కానీ పిడి కరిగి పాలలో పడినాక పెట్టింది. ఆ రోజు నుంచి మా వారు వంటింట్లో ఏది ముట్టుకోవాలన్నా, "ఇది మామూలుదేనా, నువ్వు చేసిందా?" అని అడిగి ముట్టుకుంటారు.

ఈసారి చేసింది తలుపు మిషన్. ఐడియా చెడ్డది కాదు, ఇప్పుడు కూడా అదే అంటాను. వాకిలి పైన చట్రానికి సబ్బు పెట్టెంత డబ్బా అంటించాల. ఎవరన్నా బయటికి అడుగు పెడితే అది కనిపెట్టి, నా గొంతుతోనే, "ఎక్కడికి పోతుండారు?" అని అడుగుతుంది. మనం "ఆఫీసు" అంటే "ఐడీ కార్డు, టిఫిన్ డబ్బా, హెల్మెట్" అని గుర్తు చేస్తుంది. "అంగడి" అంటే "సంచి" అంటుంది. జవాబు చెప్పకపోతే చెప్పేదాకా అడుగుతానే ఉంటుంది. మతిమరుపు వాళ్ళకి అట్లా ఉంటేనే మంచిది అనుకున్నాను.

మతిమరుపు మా నాయనది. గాంధీపురంలో నలభై ఏళ్ళు దారాలు, గుండీల అంగడి పెట్టిన మనిషి. ఏ గుండీ ఏ డబ్బాలో ఉండాదో కళ్ళు మూసుకుని తీసిస్తాడు. తల మీదున్న కళ్ళద్దాలు మాత్రం ఇల్లంతా వెతుకుతాడు. నేనుండేది పక్క వీధిలోనే కాబట్టి గురువారం సాయంత్రం పోయి, వాళ్ళ తలుపుకే ఆ మిషన్ బిగించి వచ్చినాను. శుక్రవారం పొద్దున ఆయన ఒక్క వస్తువు కూడా మరిచిపోకూడదు. ఎందుకో చెప్తాను.

కినత్తుకడవులో మా అత్త ఉండాది, నాయనకి సొంత అక్క. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. కారణం నా పెళ్ళి కార్డు. అందులో అత్త మొగుడు, మా మామ పేరు వెయ్యలేదు. అందరూ నాయన్నే అన్నారు గానీ ఆ కార్డు డిజైన్ చేసింది నేను. మోడరన్‌గా ఉండాలని సగం పేర్లు తీసేసినాను, ఆ సగంలో మామ పేరు పోయింది. నాయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కూతురి మీదికి రానివ్వకుండా తిట్లన్నీ తనే తిన్నాడు. అది తలుచుకుంటే నాయన ముందు నాకు మొహం చెల్లదు.

ఇప్పుడు అత్త మనవరాలికి చెవులు కుట్టే కార్యం వచ్చింది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టాల. అత్తకి ఉండేది ఒక్క కూతురే, బిడ్డకి మేనమామ లేడు. అట్లాంటప్పుడు తల్లికి మేనమామ ఎవరో ఆయనే కూర్చోవాల, అంటే మా నాయన. అత్త నా నంబరుకి ఫోన్ చేసి, "మీ నాయనతో చెప్పు. ఆ ఒడి తప్ప నా మనవరాలికి వేరే ఒడి లేదు" అనింది. నేను చెప్పినానో లేదో, నాయన లేచి బజారుకి పోయి, తను కట్టుకోను కొత్త వేష్టి ఒకటి, బిడ్డకి పట్టు పావడ ఒకటి కొనుక్కొచ్చినాడు. ఆ వారమంతా ఇంట్లో ఎవరు పిలిచినా పలికినాడు, అదే పెద్ద విశేషం.

శుక్రవారం పదిన్నరకి రాహుకాలం. పదిన్నర లోపల కుట్టేయాల. ఎనిమిదిన్నరకి బయలుదేరితే తీరుబడిగా చేరుతాము. ఆటో వాకిట్లోకి వచ్చేసింది. నాయన కొత్త వేష్టి కట్టుకుని, పావడ సంచి చంకలో పెట్టుకుని, ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు. గడప దాటబోతుండాడు, పైనుంచి నా గొంతు:

"ఎక్కడికి పోతుండారు?"

నాయన అట్లే నిలబడిపోయినాడు. అమ్మ నా వైపు చూసింది. నేను అక్కడే పక్కనే నిలబడి ఉండాను, నోరు మూసుకునే ఉండాను.

మంచి కార్యానికి బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. ఈ సంగతి నాకు తెలీదా? మా ఇంట్లో నడక రాకముందు నేర్చుకునేది అదే. "దూరమా?" అని అడగాల, అంతే. చిన్నప్పుడు ఒకసారి నోరు జారి అడిగితే మా అవ్వ వీపు మీద ఒకటి వేసింది, ఆ దెబ్బ ఇంకా గుర్తుండాది. మరి ఎందుకు పెట్టినాను ఆ మాట? వీడియోలో ఇంగ్లీషు మిషన్ అట్లా అడిగింది, నేను దాన్నే తెలుగులో చెప్పి రికార్డు చేసినాను. చేతికి పని దొరికితే నా బుర్ర సెలవు పెట్టేస్తుంది.

ఎవరన్నా అట్లా అడిగితే ఏం చెయ్యాల? వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాల. నాయన చెప్పు విడిచి, కుర్చీలో కూర్చుని, ఒక చెంబు నీళ్ళు తాగినాడు. లేచి మళ్ళీ గడప దగ్గరికి పోయినాడు. "ఎక్కడికి పోతుండారు?"

"జవాబు చెప్తే ఊరుకుంటుంది కదా," అని అమ్మ ముందుకొచ్చి, డబ్బా వైపు తలెత్తి, "కినత్తుకడవు" అని అరిచినట్టు చెప్పింది. ఆ పేరు నేను దానికి నేర్పలేదు. "అర్థం కాలేదు. ఎక్కడికి పోతుండారు?" అనింది అది. నాయన మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ చెంబు ఎత్తినాడు.

నేను ఫోన్ తీసి యాప్‌లో దాన్ని ఆఫ్ చేద్దామని చూసినాను. "అప్‌డేట్ అవుతోంది, దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది. వైరు పీకినాను. కరెంటు పోయినా పనిచెయ్యాలని లోపల బ్యాటరీ పెట్టిన తెలివి కూడా నాదే. ఊడబీకుదామంటే, మా పంపుల కంపెనీలో వాడే గమ్ పెట్టి అంటించినాను. చట్రమన్నా ఊడొస్తుంది గానీ అది రాదు.

మూడోసారికి అమ్మ ఒక ఉపాయం చెప్పింది. తను ముందే బయటికి పోయి, నిండు బిందెతో ఎదురొస్తే ఆ మంచి శకునం ఈ చెడ్డదాన్ని కొట్టేస్తుందని. బిందె ఎత్తుకుని గడప దాటింది. అది అమ్మని కూడా అడిగింది. అమ్మకి కోపం వచ్చి, "నీ తలకాయకి" అనింది. "అర్థం కాలేదు" అనింది అది. నాయన అప్పటికే కుర్చీ వైపు నడుస్తుండాడు.

బయట ఆటో డ్రైవర్ హారన్ కొట్టి, "ఎన్నమ్మా, వరీంగళా ఇల్లియా?" అని, వస్తారా రారా అని అరవంలో అరిచినాడు. ఇదో వచ్చేస్తుండాము అని నేను అరిచినాను. అప్పుడే నాయన బాత్‌రూముకి పోయినాడు. మూడు చెంబుల నీళ్ళు ఎక్కడికి పోతాయి పాపం. ఆయన వచ్చేసరికి ఆటో లేదు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చినాయి. "నాయనా, ఈ కాలంలో కూడా ఏంది ఇది? అడిగింది మనిషి కూడా కాదు, ఉత్త డబ్బా. పోనీ దొడ్డి తలుపు గుండా పోదాం రా," అన్నాను.

ఆయన మెల్లిగా అన్నాడు, "అమ్మిణీ, వేరే ఎక్కడికైనా అయితే నేను లెక్క చెయ్యను. పదకొండేళ్ళ తర్వాత మా అక్క గడప తొక్కబోతుండాను. దొంగ మాదిరి దొడ్డిదారిన పోయి తొక్కమంటావా? ఒక్క అడుగు తప్పుగా పడినా నా మనసు ఒప్పుకోదు."

స్టూలు ఎక్కి, డబ్బాని దుప్పటితో గట్టిగా మూసి పట్టుకున్నాను. అమ్మ దిండు అందిచ్చింది. నాయన నాలుగోసారి బయలుదేరినాడు. దుప్పటి లోపల నుంచి, జలుబు చేసిన నా గొంతు మాదిరి, "ఎక్కడికి పోతుండారు?" అని వినిపించింది. మా నాయనకి పక్కన కూర్చుని పిలిస్తేనే వినపడదు. ఆ రోజు అది మాత్రం వినపడింది.

ఒక చేత్తో దుప్పటి, ఇంకో చేతిలో ఫోన్. అప్‌డేట్ అయిపోతే ఒక్క నొక్కుతో ఆఫ్ చెయ్యొచ్చు కదా అని దాన్నే చూస్తుండాను. పన్నెండు శాతం. ముప్పై. నలభై నాలుగు. నాయన కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తుండాడు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చివరికి అమ్మ వంటింట్లోకి పోయి చపాతీ కర్ర తెచ్చి నా చేతికిచ్చింది. నెలన్నర కూర్చుని చేసిన మిషన్‌ని రెండు దెబ్బల్లో పగలగొట్టినాను. మూడో దెబ్బ నా కోపానికి.

ఐదోసారి నాయన కుడికాలు ముందు పెట్టి గడప దాటినాడు. ఎవరూ ఏమీ అడగలేదు. తొమ్మిదీ పది అయ్యింది.

ఇంకో ఆటో దొరకడానికి పావుగంట, ఉక్కడం చేరడానికి ఇంకో ఇరవై నిమిషాలు. కినత్తుకడవు మీదుగా పోయే పొల్లాచ్చి బస్సులో నాయనకి సీటు దొరకలేదు, వేష్టి నలగకుండా ఒక చేత్తో కొసలు పట్టుకుని నిలబడినాడు. అత్త ఇంటి వాకిట్లోకి పోయేసరికి పదీ యాభై. ఇంటి లోపల నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు వింటేనే నాకు అర్థమైపోయింది.

రెండు చెవులూ కుట్టేసినారు. పక్కింట్లో కొబ్బరి వ్యాపారం చేసే ఆయన పీట మీద కూర్చుని ఉండాడు, ఆయన ఒడిలో బిడ్డ. ఆయన మా నాయన్ని చూసి లేవబోయినాడు. నాయన వద్దు వద్దు, కూర్చోండి అని ఆయన భుజం మీద చెయ్యి పెట్టినాడు. తర్వాత పోయి గోడ పక్కన ఒక కుర్చీలో కూర్చున్నాడు. పావడ సంచి ఒడిలోనే పెట్టుకున్నాడు, అది ఎవరికి ఇయ్యాలో మరిచిపోయిన మనిషి మాదిరి. మామ వచ్చి, "బాగుండారా?" అన్నాడు. "బాగుండాను" అన్నాడు నాయన. అత్త దూరం నుంచి ఒకసారి చూసి, లోపలికి పోయింది.

ఆలస్యం ఎందుకయిందో నాయన చెప్పలేదు. ఏమని చెప్తాడు? తలుపు ఎక్కడికని అడిగింది అంటే నమ్మేవాళ్ళెవరు? ఈసారి కూడా తిట్టు ఆయనే తినేస్తాడని నాకు తెలిసిపోయింది. అది నేను ఓర్చుకోలేకపోయినాను.

అత్త దొడ్లో భోజనాలకి అరిటాకులు కడుగుతుండింది. పక్కన చేరి అంతా చెప్పినాను. మిషన్, అప్‌డేట్, బిందె, చపాతీ కర్ర, ఏదీ దాచలేదు. పనిలో పనిగా పెళ్ళి కార్డు సంగతి కూడా చెప్పేసినాను. అత్త చేస్తున్న పని ఆపకుండానే వినింది. బిందె దగ్గర మాత్రం కొంచెం నవ్వు వచ్చింది, ఆపుకుంది.

"కార్డు నువ్వు చేసినావని నాకు అప్పుడే తెలుసు లేవే," అనింది. "వాడు నోరు తెరిచి ఆ మాట చెప్తాడేమో అని చూసినాను, అంతే. సరి, పోనీ. ఎంతసేపు నిలబడినారు ఇంట్లో?"

"నలభై నిమిషాలు అత్తా."

"నేను ఇక్కడ పదీ ఇరవై దాకా వాకిట్లోనే నిలబడినాను. చెవులు కుట్టే ఆచారి తొందర పెట్టినాడు. పదకొండేళ్ళు రాని మనిషి ఇప్పుడు మాత్రం ఏమొస్తాడు అని నాకే తోచింది, పక్కింటాయన్ని పిలిచినాను. వస్తుండాము, ఆగండి అని ఒక్క మాట చెప్పుంటే, రాహుకాలం పోయినాక, పన్నెండు దాటినాక కుట్టించుండేదాన్ని. ఎంతసేపైనా ఆగుండేదాన్ని." ఆకు విదిలించి పక్కన పెట్టింది. "ఒక ఫోన్ చెయ్యడానికి ఏమైందే మీకు?"

సిగ్నల్ లేదత్తా అందామని నోటి దాకా వచ్చింది. ఎట్లా అంటాను? ఆ నలభై నిమిషాలూ ఫోన్ నా చేతిలోనే ఉండింది. ఒక్క క్షణం కూడా కింద పెట్టలేదు. అప్‌డేట్ ఎనభై మూడు శాతం దాకా వచ్చింది, అది మాత్రం నాకు బాగా గుర్తుండాది.