రోగం లేని ఓపీ చీటీ

వెల్దుర్తి మిరప రైతు చినవీరయ్యకు ఏ రోగమూ లేదు. అయినా నరసరావుపేటలో ఆయన ఓపీ చీటీ రాయించని ఆసుపత్రి లేదు. కూతురు హిమజ ఆరో తరగతి. నీట్ కోచింగులో ఇప్పుడే వేస్తే పిల్ల నలిగిపోద్దని, ఇంటరుదాకా ఆగితే సీటు జారిపోద్దని బెంగ. ప్రతి డాక్టరు ముందూ చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుని, "డాక్టరు చదువుకి కోచింగు మీరెప్పుడు మొదలెట్టారు సారూ?" అనడుగుతాడు. కళ్ల డాక్టరు ఆరో తరగతన్నాడు, ఎముకల డాక్టరు ఇంటరన్నాడు. మధ్యన ఈ మహానుభావుడికి అన్నం సయించటంలేదు. నిన్న గుండె డాక్టరమ్మ చెవుల్లోంచి గొట్టం తీసి, "మీ పాపేమంటుంది?" అంది.

"దాన్నేంది తల్లీ అడిగేది, చిన్నపిల్ల."

"చిన్నపిల్లయితే ఇప్పట్నుంచే ఎందుకండీ మరి?"

చినవీరయ్య గుండీలు పెట్టుకుని బయటికొచ్చాడు. ఆ మాటకి అర్థం వెయ్యమనో, ఆగమనో తేలక, పక్క గుమ్మంలో పళ్ల డాక్టరు దగ్గర చీటీ రాయించుకున్నాడు.