ఆయనకు దక్కిన ఒక్క పేజీ

ఆ డైరెక్టర్ మొహం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. చల్లారాక నెమ్మదిగా చెప్దామంటే చల్లారడం లేదు, అందుకే మండుతూనే చెప్తున్నాను.

కాల్గరీలో వారమంతా ఒక ఆయిల్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. వీకెండ్స్‌లో మా ఇంటి దగ్గరున్న చిన్న థియేటర్‌లో మేకప్ వేస్తాను. జీతం గీతం ఏమీ లేదు, కాఫీ కూడా మనమే తెచ్చుకోవాలి. తెనాలిలో పుట్టినదాన్ని, స్టేజీ వెనక పౌడరు వాసన తగలకపోతే నాకు తోచదు.

ఒక ఇంగ్లండు పెద్దాయన అక్కడే పరిచయమయ్యాడు. జీవితమంతా లండన్‌లో నాటకాలు, సినిమాలు చేసి, చివరికి కూతురి దగ్గర ఉందామని ఇక్కడికొచ్చాడు. ఆయన మొహం మీరూ ఎక్కడో చూసే ఉంటారు, పేరు మాత్రం తెలిసుండదు. తలుపు తీసే బట్లరు, శవాన్ని చూసి టోపీ తీసే ఇన్‌స్పెక్టరు, పెళ్లి చేయించే ఫాదరు, ఎప్పుడూ ఇవే వేషాలు.

"పెద్ద నటులకి జ్వరం వస్తే వాళ్ల వేషం వెయ్యడానికి ఏళ్ల తరబడి రెడీగా కూర్చున్నాను మై డియర్. ఒక్కడికీ జ్వరం రాలేదు," అన్నాడోసారి, నేను కనుబొమలకి తెలుపు వేస్తుంటే. "సినిమాల్లో నేను మాట్లాడుతుంటే కెమెరా హీరో మొహం మీదుండేది."

నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, చిర్రెత్తుకొచ్చింది.

ఇప్పుడు మేం వేస్తున్న నాటకంలో ఆయనది రిటైరైన రైల్వే తాత వేషం. భార్య పోయిన రోజు కూడా స్టేషన్‌కెళ్లి, వచ్చిన బండికల్లా జెండా ఊపానని కొడుక్కి చెప్పాలి. స్క్రిప్టులో నిండా ఒక పేజీ. అంత పెద్ద డైలాగు ఆయనకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదట. గుండె డాక్టరేమో ఈ నాటకంతో ఇక ఆపెయ్యమన్నాడట. అంటే మొదటి పేజీ, ఆఖరి పేజీ అదే.

ఆ పేజీ మీదే పడింది డైరెక్టర్ కన్ను. "స్లోగా ఉంది, ట్రిమ్ చేద్దాం," రిహార్సల్ అయిన ప్రతిసారీ ఇదే పాట. మేకప్ దానివి నీకెందుకన్నట్టు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ప్రతిసారీ నేను అడ్డం పడ్డాను. ఎలాగో పేజీ నిలిచింది.

ఆదివారం మధ్యాహ్నం షోకి మా మామయ్యగారిని తీసుకెళ్లాను. విజిటర్ వీసా మీద వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నారు. ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ తెల్లవార్లూ పద్యనాటకాలు చూసి పెరిగిన మనిషి. పెద్దాయన మొదలుపెట్టాడు. ఊపడానికి చేతిలో జెండా లేదు, అయినా చెయ్యి లేచింది. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. ఆఖరి మాట అయిందో లేదో, మామయ్యగారు సీట్లోంచి లేచి నిలబడి, "వన్స్ మోర్!" అని అరిచారు.

తెనాలి హాలైతే ఈలలు పడేవి. ఇక్కడ తలలన్నీ మావైపు తిరిగాయి. ఎవరో "ష్ష్" అన్నారు, ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన ఒక్క క్షణం తడబడ్డాడు, కొడుకు వేషం కుర్రాడు గబగబా తర్వాతి డైలాగు అందుకున్నాడు.

షో అయ్యాక మేకప్ రూమ్‌లోకి డైరెక్టర్ ఊడిపడ్డాడు. "ఎగతాళి చెయ్యడానికి మనిషిని తెచ్చింది నువ్వేనా?"

"ఎగతాళి కాదు బాబూ! మా ఊళ్లో పద్యం బాగుంటే అలాగే అరుస్తారు. నటుడు నాటకం ఆపి మళ్లీ పాడతాడు. అంతకు మించిన మర్యాద లేదు."

"ఇది మీ ఊరు కాదు. లాగుతున్నాడని ఆడియెన్సే చెప్తున్నారుగా. వచ్చే షో నుంచి ఆ పేజీ లేదు, రెండు లైన్లు చాలు."

ఆహా, ఏం తెలివి! ఎప్పుడు కోద్దామా అని కాచుక్కూర్చున్నవాడికి మా మామయ్యగారి మెచ్చుకోలే కత్తెరయింది. నోటికొచ్చినట్టు తిట్టాను, సగం తెలుగులోనే. వాడు ఫోన్ చూసుకుంటూ బయటికెళ్లిపోయాడు.

"పర్లేదు మై డియర్, నాకలవాటే," అన్నాడు పెద్దాయన, మొహం తుడుచుకుంటూ.

"ఏం అలవాటు సర్! ఒక్కసారైనా అరిచి చావచ్చుగా!" ఆయన మీద కూడా కోపమొచ్చింది, అన్నిటికంటే ఎక్కువ ఆయన మీదే వచ్చింది.

పార్కింగ్‌లో మంచు కరిగి బురదబురదగా ఉంది. మామయ్యగారు మంకీ క్యాప్ పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. సంగతి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. "నావల్లేనా అమ్మాయ్?" అని, బయటికొస్తున్న పెద్దాయన దగ్గరికెళ్లి రెండు చేతులూ జోడించి, మెల్లగా అన్నారు: "సార్. వన్స్ మోర్. ప్లీజ్."

పెద్దాయన నావైపు చూశాడు. "నిజంగా మళ్లీ చెప్పమనేనా? ఇందాక నువ్వు నా కోసం అలా చెప్పావనుకున్నాను. హాల్లో అన్నది కూడా అదేనా?"

"అదే సర్. బాగుందనే."

పెద్దాయన చేతికర్ర నాకిచ్చి, నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు. ఆ చలిలో, మా ఇద్దరి కోసం, ఒక్క మాట కూడా వదలకుండా. మేం నిలబడింది డైరెక్టర్ కారు వెనకాల. వాడొచ్చి కారెక్కాడు, రివర్స్ లైట్లు వెలిగాయి, హారన్ కొట్టాడు. నేను బంపర్‌కి ఆనుకుని నిలబడ్డాను. కొట్టుకో నాయనా, ఎంత కొట్టుకుంటావో కొట్టుకో! పెద్దాయన ఆగలేదు. హారన్ మోగుతుండగానే చెయ్యెత్తి, లేని జెండా ఊపి, పేజీ ముగించాడు.

మామయ్యగారు హారన్‌ని మించి అరిచారు. "వన్స్ మోర్!"

పెద్దాయన గొంతు సవరించుకుని మళ్లీ మొదటి మాట నుంచి ఎత్తుకున్నాడు.