రాములు డబ్బాలో నిమ్మకాయలు

పదిహేనేళ్లుగా అద్దె కారు నడుపుతున్న మౌలాలి రాములుకి ఇంజను కన్నా డబ్బా మీదే నమ్మకమెక్కువ. పాత బిస్కెట్ల రేకు డబ్బా అది. అందులో థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాంతి కవర్లు, మెత్తటి తువ్వాలు, నాలుగు నిమ్మకాయలు ఉంటాయి. మందులు మాత్రం పెట్టడు, డాక్టరు రాసినవి తల్లులే తెచ్చుకోవాలంటాడు. ఏ పిల్లకి ఎక్కడ కడుపు తిప్పుతుందో ఎవరు చెప్పొచ్చారు!

ఆ శనివారం మల్కాజ్‌గిరి మాధురి, అత్తగారు కామేశ్వరమ్మతో, ఎనిమిదేళ్ల కూతురు సంహితతో శ్రీశైలం బయల్దేరింది. డ్యామ్ గేట్ల నుంచి నీళ్లు దూకడం చూడాలని సంహిత రెండేళ్లుగా ఒకటే పోరు. రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ మలుపుల్లో వాంతులై వెనక్కి వచ్చేశారు. ఈసారీ అదే అయితే ఇక కారు ఊసెత్తొద్దని తల్లి ముందే చెప్పేసింది.

అడవి మలుపులు మొదలయ్యాయో లేదో, పిల్ల ముఖం పాలిపోయింది. రాములు కారు పక్కకి ఆపి డబ్బా తెరిచాడు.

"గీడ నిమ్మకాయలుండె గదమ్మా?"

"అవా? సరిగ్గా నాలుగుంటే టైర్ల కిందకనుకున్నాను నాయనా," అంది కామేశ్వరమ్మ. "పొద్దున నువ్వే తొక్కించావుగా."

తొక్కించిన మాట నిజమే. ఆవిడ ఇంటి నుంచి తెచ్చిందనుకున్నాడు రాములు.

"వెనక్కి తిప్పేయండి," అంది మాధురి.

సంహిత ఏడవలేదు. "నాకేం కాలేదమ్మా," అంది కళ్లు మూసుకుని. 

ఇంకొక్క నిమ్మకాయ ఉంది. పొద్దున్నే రాములు భార్య దేవమ్మ మిరపకాయలతో కలిపి బంపరుకి కట్టిన దిష్టి కాయ. పెద్దావిడ ముందు దాన్నెలా విప్పుతాడు? అటు చూసి తల గోక్కున్నాడు. ఆ చూపు కామేశ్వరమ్మ పట్టేసింది. చెంపలు వేసుకుని, కారు దిగి, తనే ముడి విప్పింది.

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. శుభ్రంగా కడిగి కొయ్యి."

అద్దం దించుకుని, నిమ్మచెక్క వాసన చూస్తూ, దూరపు కొండల మీదే కళ్లు పెట్టి సంహిత మలుపులన్నీ దాటింది. రాములు కారుని ఎద్దుబండిలా నడిపాడు. డ్యామ్ దగ్గర తుంపర ముఖాన పడగానే పిల్ల వేసిన కేకకి మాధురి కళ్లు తుడుచుకుంది.

రాములు ఇంటికొచ్చి సంగతంతా చెబితే దేవమ్మ నవ్వి, డబ్బాలో ఎనిమిది నిమ్మకాయలు పెట్టింది.

"నాలుగు టైర్లకు, నాలుగు పిల్లలకు. ఇగ పరేషాన్ గాకు."

"బంపరుకు ఇంకోటి సుత పెట్టు," అన్నాడు రాములు. "వచ్చే వారం సాగర్ బోవాల్నని సంహితమ్మ ఇప్పుడే ఫోన్ జేసింది."